ఇంటిపేరు, బాటపేరు

లోకవ్యవహారములో ముఖము ముందు వచ్చును, పేరు తరువాత వచ్చును. శిశువు రూపముతోనే భూమి మీద పడును. పళ్లెములోని బియ్యములో పేరు వ్రాయుట బారసాలనాటి మాట. అయితే ఉపనిషత్తులు ఈ రెంటిని జతగా పలికినప్పుడు నామమునే ముందుంచినవి. నామరూపములు అన్నవే గాని రూపనామములు అనలేదు. ఈ క్రమము ఉచ్చారణసౌకర్యము కొరకే ఏర్పడినదని తలచువారు ఉండవచ్చును. కాని అనుభవములో కూడ నామమే మొదట వచ్చి, రూపము నెలల తరువాత ఎదురగు చోటు ఒకటి కలదు. అది ఏ ఆశ్రమమో కాదు; అమెరికా దేశపు తూర్పు కొండలలోని ఒక కాలిబాట.

బెంటన్ మెకే అను ఆయన 1921లో ఆ బాటను ఊహించెను. 1937 నాటికి అది పూర్తియైనది. దానిని అపలాచియన్ ట్రైల్ అందురు. జార్జియా రాష్ట్రములోని స్ప్రింగర్ కొండ మీద మొదలై, 14 రాష్ట్రములను దాటి, మెయిన్ రాష్ట్రములోని కటాడిన్ శిఖరమున ముగియును. పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. చెట్ల మీదను, రాళ్ల మీదను వేసిన తెల్లరంగు గుర్తులను చూచుకొనుచు నడువవలెను. ఒక్క యాత్రలో అంతయు నడువ దలచినవారికి అయిదారు నెలలు పట్టును. ఏటా వేలమంది ఆ సంకల్పముతో బయలుదేరుదురు. కడదాక చేరువారు నలుగురిలో ఒక్కరు.

బయలుదేరిన కొద్ది దినములలోనే ఆ బాటసారికి క్రొత్త పేరు వచ్చును. ఇంగ్లీషులో ట్రైల్ నేమ్. తెలుగువారికి ఇంటిపేరు ఉన్నట్లే, అచటివారికి బాటపేరు ఉన్నదనుకొనవచ్చును. ఇంటిపేరు వంశము వలన వచ్చును. పుట్టక మునుపే సిద్ధముగా నుండును. బాటపేరు నడచుట వలన వచ్చును. తనకు తాను పెట్టుకొనువారు లేకపోలేదు గాని, తోడివారు పెట్టినదే అసలైన పేరని అచటి పెద్దల అభిప్రాయము. సన్న్యాసదీక్షలో గురువిచ్చు యోగపట్టము ఇచట స్ఫురించుట సహజమే. భేదము మాత్రము చిన్నది కాదు. గురువు ఇచ్చు పేరు ఆనందముతోనో తీర్థముతోనో ముగిసి, శిష్యుడు చేరవలసిన ఎత్తును చూపును. బాటపేరు సాధారణముగా ఒక పొరపాటునుండి పుట్టును: వంట మాడ్చినవాడు, దారి తప్పి వెనుకకే నడచినవాడు, గుడారము మరచి వచ్చినవాడు. అది చేరవలసిన ఎత్తును చూపదు. జారిన చోటును గుర్తుచేయును. నవ్వుచు దానిని ధరించుటలో అహంకారము కొంత అరుగును. వైద్యుడు, న్యాయవాది, నిరుద్యోగి అందరును ఒక్క పంక్తిలో నిలుతురు. పూర్వాశ్రమమును గూర్చి అడుగుట అచట కూడ అంత మర్యాద కాదు.

బాట పొడవున రెండువందల యాభైకి పైగా చిన్న వసతులు కలవు. మూడు గోడలు, ఒక పైకప్పు. నాలుగవ ప్రక్క అడవికి తెరచియుండును. అచట నొక నోటుపుస్తకము వ్రేలాడుచుండును. రాత్రి ఆగినవారు అందులో రెండు మాటలు వ్రాసి, బాటపేరుతో సంతకము చేయుదురు. వాన వచ్చినది, మోకాలు వాచినది, ముందున్న ఊట ఎండిపోయినది అను మాటలే ఎక్కువ. వెనుక వచ్చువారు దానిని దీపపు వెలుగులో చదువుదురు. నేడు నాలుగు దినములు ముందున్నాడు. మరుసటి వారమునకు మూడు దినములే. అతని చేవ్రాత తెలియును, హాస్యము తెలియును, ఏ కొండ అతనిని ఏడిపించినదో తెలియును. ముఖము మాత్రము తెలియదు. ఇంకొక విచిత్రము: ముందు నడచువాడు వెనుకవాని ఉనికినే ఎరుగడు. ఒకరికి ఆప్తుడైనవాడు, తాను ఆప్తుడైన సంగతియే తెలియక నడచిపోవుచుండును. ఒక్కొక్కప్పుడు ఒక పేరు అయిదువందల కిలోమీటర్లు వచ్చి, ఒక వసతి తరువాత మరి కనబడదు. ఎముక విరిగినదో, డబ్బు అయిపోయినదో, ఇంటినుండి కబురు వచ్చినదో ఎవరును చెప్పరు.

పేరునకు ముఖము దొరకు స్థలములలో ముఖ్యమైనది వర్జీనియాలోని డమాస్కస్. వెయ్యిమంది కూడ లేని ఊరు. స్ప్రింగర్ నుండి సుమారు 750 కిలోమీటర్లు. బాట ఆ ఊరి వీధి గుండానే పోవును. 1987 నుండి ఏటా మే నెలలో అచట ట్రైల్ డేస్ అను తిరునాళ్లు జరుగుచున్నది. ఏ ఏట నడచినవారు ఆ ఏటివారితో కలిసి ఊరేగుదురు. ఊరివారు నీళ్లు చల్లుదురు. ఆ గుంపులో ఒకరు తన బాటపేరు చెప్పగానే ఎదుటివారి ముఖము మారును. నీవా, అతడు నీవా? అని ఆశ్చర్యము. పొడవైనవాడనుకొన్నవాడు పొట్టిగా ఉండును, కుర్రవాడనుకొన్నవాడు డెబ్బదియేండ్ల తాత, మగవాడనుకొన్నది ఆడుమనిషి.

ఈ క్షణమునకు వేదాంతములో ఒక పాత ఉదాహరణము కలదు. ఆ దేవదత్తుడే ఇతడు అను వాక్యము. సదానందుని వేదాంతసారము మొదలగు గ్రంథములు దీనిని చర్చించినవి. అప్పుడు ఆ ఊరిలో చూచిన దేవదత్తుడు, ఇప్పుడు ఈ ఊరిలో కనబడు దేవదత్తుడు. అప్పటి దేశకాలములు, ఇప్పటి దేశకాలములు ఒకటి కానేరవు. ఆ విరుద్ధాంశములను విడిచి, విరోధము లేని మనిషిని మాత్రము నిలుపుకొన్నచో వాక్యమునకు అర్థము కుదురును. డమాస్కసు వీధిలో జరుగునది సరిగా ఇదియే. ఊహించుకొన్న ముఖమును విడుతురు, నోటుపుస్తకములోని మనిషిని నిలుపుకొందురు. విడుచుటకు ఎవరికిని కష్టము లేదు.

కాని 2015లో ఆ తిరునాళ్లలోనే విడుచుట కష్టమైన సంఘటన జరిగినది. బిస్మార్క్ అను బాటపేరు గల ఒకడు ఆరేండ్లుగా ఆ కొండలలో తిరుగుచుండెను. గడ్డము పెంచినవాడు, స్నేహశీలి, బాటను ఇంచించు ఎరిగినవాడు, ఎందరికో మిత్రుడు. ఒక టెలివిజను కార్యక్రమములో చూపిన ముఖమును మరియొక బాటసారి గుర్తుపట్టి అధికారులకు తెలిపెను. మే 16వ తేదీన, ఊరంతయు సంబరములో ఉండగా, ఒక వసతిగృహములో అతనిని పట్టుకొనిరి. ఒక శీతలపానీయముల సంస్థలో లెక్కలు చూచుచు, 87 లక్షల డాలర్లు అపహరించి, 2009లో అదృశ్యుడైన మనిషి అతడే. మరుసటి యేట ఎనిమిదేండ్ల పైచిలుకు కారాగారశిక్ష పడినది. న్యాయస్థానపు కాగితములలో అతని పేరు వేరు.

ఇచట దేవదత్తుని వాక్యము తడబడును. విడువవలసిన అంశమేది? దొంగ అనుమాటను విడిచి చెలికానిని నిలుపుకొన్నచో సొమ్ము పోగొట్టుకొన్నవారికి అన్యాయము. చెలికానిని విడిచి దొంగను మాత్రము నిలుపుకొన్నచో, వానలో అతనితో కలిసి నడచినవారు తమ అనుభవమునే అబద్ధమనవలసి వచ్చును. దేశకాలములను విడుచుట సులభమైనది, అవి ఎవరి కర్మయును కావు గనుక. చేసిన పని అట్టిది కాదు. లక్షణావృత్తిని ఆచార్యులు జీవబ్రహ్మైక్యమును బోధించు వాక్యము కొరకు వాడిరి. దానిని న్యాయస్థానమునకు ఈడ్చుట తగదు. వ్యవహారదశలో పేరు మార్చినంతమాత్రమున ఋణము తీరదు. మూడు ఋణములు తీర్చిన పిదపనే మనస్సును మోక్షమునందు నిలుపవలెనని మనుస్మృతి కూడ విధించినది. బాటపేరు పూర్వాశ్రమమును అడుగకుండుట ఒక ఔదార్యము. ఆ ఔదార్యమును ఒకడు గుహగా వాడుకొనెను. అయినను అది ఔదార్యమే. ఆ తరువాత కూడ అచటివారు క్రొత్తగా వచ్చినవానిని ఇంటిపేరు అడుగుట మొదలిడలేదు. అది వారి అవివేకమని కొందరు అనవచ్చును. అట్లు తోచదు.

బృహదారణ్యకము ప్రథమాధ్యాయాంతమున రెండింటితో ఆగక మూడు చెప్పినది: నామము, రూపము, కర్మము. నామములకు వాక్కు మూలము, రూపములకు కన్ను మూలము, కర్మములకు దేహము మూలము అని వివరించినది. కన్ను లేనివానికి ఈ మూడింటిలో ఏమి మిగులును?

1990 మార్చిలో బిల్ ఇర్విన్ అను అంధుడు స్ప్రింగర్ నుండి బయలుదేరెను. వెంట ఓరియెంట్ అను మార్గదర్శకశునకము. ఇద్దరికి కలిపి ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్ అను బాటపేరు వచ్చినది. రైలుబండి పేరు మీద హాస్యము. ఆయన తెల్లగుర్తులను చూడలేడు, నోటుపుస్తకములను చదువలేడు, తిరునాళ్లలో ఎవరి ముఖమును పేరుతో కలుపలేడు. వేలసార్లు పడెనని ఆయనే చెప్పెను. నవంబరులో యాత్రను ముగించెను. బాట మొత్తము నడచిన తొలి అంధుడాయన. ఎదురైనవారు ఆయనకు గొంతుగా తెలిసిరి, పట్టుకొన్న చేయిగా తెలిసిరి, రాయి ఉన్నదని హెచ్చరించిన మాటగా తెలిసిరి. రూపమను నడిమి మెట్టు లేకయే నామము కర్మమును చేరినది. చూడగలవారు డమాస్కసులో ఎవరిని చూచి సంతోషింతురో వానిని ఆయన ముందే కలిసికొనెననిపించును. బిస్మార్కు మిత్రులకు దక్కినది కూడ అట్టిదే: వారికి తెలిసినది ఆ ఆరేండ్ల కర్మము; దానికి ముందటిది మరియొక చోట లెక్కింపబడినది. రెండును ఒక్క దేహము చేసినవే.

పశ్చిమ వర్జీనియాలోని హార్పర్స్ ఫెరీ అను ఊరిలో ఆ బాటను సంరక్షించు సంస్థ కార్యాలయము ఉన్నది. బాటకు సగము ఇంకను కొంచెము ముందే ఉండును గాని, దానినే నడిమి మజిలీగా భావింతురు. అచట 1979 నుండి వచ్చిన ప్రతి బాటసారికిని ఒక ఛాయాచిత్రము తీసి, రెండు పేర్లును వ్రాసి, ఆ యేటి సంపుటములో చేర్చుచున్నారు. నడచి వచ్చినవాడు మూట దించి, నీళ్లు త్రాగి, తన చిత్రమునకు నిలుచుటకు ముందే ఆ పుటలను త్రిప్పును. నోటుపుస్తకములలో తాను చదివినవాని కొరకు వెదకును. కొందరు దొరకుదురు, చాలసేపు ఆ ముఖము మీద వ్రేలు ఉంచి చూచును. ఏదో వసతి దగ్గర ఆగిపోయిన ఆ పేరు కొరకు కూడ, లేదని తెలిసియు, చివరి పుట వరకు త్రిప్పును.