మెల్లగా నడిచిన మమ్మీలు

పాత సినిమాల్లో మమ్మీ పరిగెత్తేది కాదు. ఒక చెయ్యి ఛాతీకి కట్టేసి ఉండేది, ఒక కాలు ఈడ్చుకుంటూ వచ్చేది. దాన్నుంచి తప్పించుకోవడానికి పెద్ద నేర్పేమీ అక్కర్లేదు, కాస్త గబగబా నడిస్తే చాలు. అయినా సినిమాలో ఒక్కరూ తప్పించుకునేవారు కాదు. హీరోయిన్ సరిగ్గా ఆ క్షణానికే మూర్ఛపోయేది. ముసలి ప్రొఫెసరు ఎటూ దారిలేని గోడ మూల చూసుకుని మరీ నిలబడేవాడు. నేల క్లాసు నుంచి "పరిగెత్తరా బాబూ!" అని కేకలు వినిపించేవి. ఆదివారం మార్నింగ్ షోలకు ఇంగ్లీషు సినిమాలు వేసే రోజుల్లో పెరిగిన మా తరానికి మమ్మీ అంటే ఇలాగే గుర్తు. మాటలు సగం అర్థమయ్యేవి కావు, ఆ నడకకు మాటలతో పనీ లేదు.

ఆ ఈడుపు కాలు మమ్మీ పేరు ఖారిస్. 1940లో యూనివర్సల్ వాళ్లు 'ది మమ్మీస్ హ్యాండ్' తీసి దాన్ని పుట్టించారు, 1944 కల్లా మరో మూడు సినిమాలు లాగించారు. దాని ప్రాణం తానా ఆకులనే ఏవో ఆకుల కషాయంలో ఉంటుంది. మూడు ఆకులు కాచి పోస్తే గుండె కొట్టుకుంటుంది, తొమ్మిది ఆకులైతే లేచి నడుస్తుంది. డోసు ఇంత కచ్చితంగా రాసిపెట్టుకున్న దెయ్యాన్ని నేను మరెక్కడా చూడలేదు. తర్వాత 1959లో ఇంగ్లండులోని హామర్ కంపెనీ తీసిన 'ది మమ్మీ' రంగుల్లో వచ్చింది. అందులో క్రిస్టఫర్ లీ మమ్మీ. ఆరడుగుల పైచిలుకు మనిషి, బురద ఊబిలోంచి లేచి, అద్దాల తలుపులు పగలగొట్టుకుని లోపలికొస్తాడు. మొహమంతా కట్లే కాబట్టి నటించడానికి అతనికి మిగిలినవి రెండు కళ్లు. వాటితోనే దుఃఖం చూపించాడు. చిత్రమేమిటంటే ఇందులో కుంటేది మమ్మీ కాదు, హీరో పీటర్ కుషింగ్. తవ్వకాల దగ్గర విరిగిన కాలు సరిగ్గా అతుక్కోలేదు.

వీటన్నిటికీ పెద్దన్న 1932 నాటి 'ది మమ్మీ'. కార్ల్ ఫ్రాయిండ్ తీశాడు, బోరిస్ కార్లాఫ్ నటించాడు. మేకప్ మనిషి జాక్ పియర్స్ ఎనిమిది గంటల పాటు పీలికలు, మట్టి, జిగురు పూసి కార్లాఫ్‌ను తయారుచేశాడు. ఇంతా చేస్తే ఆ వేషం కనిపించేది మొదట్లో కొద్ది నిమిషాలే. కుర్ర పరిశోధకుడొకడు వద్దన్న పత్రం విప్పి, పెదవులు కదుపుతూ చదువుకుంటుంటాడు. వెనక పెట్టెలో శవం కనురెప్పలు కొంచెం విడతాయి, అంతే. ఛాతీ మీది చెయ్యి నెమ్మదిగా కిందికి జారుతుంది. తర్వాత ఆ చెయ్యి బల్ల మీది పత్రం దగ్గర కనిపిస్తుంది. మమ్మీ నడవడం మనకు చూపించరు. గుమ్మం దాటిపోతున్న రెండు గుడ్డ పీలికల కొసలు మాత్రం నేల మీద పాకుతూ వెళతాయి. కుర్రాడు పిచ్చినవ్వు మొదలుపెడతాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఆ పీలికలే భయం.

ఈ సినిమాకు స్క్రిప్టు రాసిన జాన్ బాల్డర్‌స్టన్ అంతకుముందు విలేకరి. టుటన్‌ఖామున్ సమాధి తెరిచినప్పటి వార్తలు రాసినవాడు. ఆ సమాధికి శాపం ఉందన్న మాట పుట్టింది కూడా ఆ వార్తల్లోనే. 1922 నవంబరులో హోవార్డ్ కార్టర్ సమాధి మెట్లు కనుక్కున్నాడు. తవ్వకాలకు ఖర్చు పెట్టిన లార్డ్ కార్నార్వన్ వార్తల హక్కులు మొత్తం లండన్ 'టైమ్స్' పత్రికకు అమ్మేశాడు. మిగతా పత్రికల విలేకరులు సమాధి బయట ఎండలో కూర్చుని ఏం రాయాలో తెలియక నలిగిపోయారు. ఇంతలో కార్నార్వన్ చెంప మీద దోమ కుట్టింది. గడ్డం గీసుకుంటుంటే ఆ దద్దురు తెగింది, విషమెక్కింది, న్యుమోనియా వచ్చింది, 1923 ఏప్రిల్ 5న కైరోలో ప్రాణం పోయింది. బయట కూర్చున్నవాళ్లకు దీనికి మించిన వార్త ఏం కావాలి? ఆ వేళ కైరోలో దీపాలు ఆరిపోయాయన్నారు, ఇంగ్లండులో ఆయన కుక్క ఊళపెట్టి చచ్చిందన్నారు. సమాధి గుమ్మం మీద చెక్కి ఉన్న శాపమంటూ ఒకటి అచ్చువేశారు. అలాంటి శాసనం ఆ సమాధిలో లేదు. షెర్లాక్ హోమ్స్‌ను పుట్టించిన కానన్ డాయిల్ కూడా ఏవో దుష్టశక్తుల పనే అయ్యుండొచ్చని వంతపాడాడు. ఆయన అంతకు ముప్ఫై ఏళ్ల ముందే లేచి తిరిగే మమ్మీ కథ ఒకటి రాసి ఉన్నాడు లెండి.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి చెందిన హెర్బర్ట్ విన్‌లాక్‌కు ఈ గోల విసుగెత్తి 1934లో లెక్క తీశాడు. సమాధి తెరిచేటప్పుడున్న 26 మందిలో పదేళ్లలో పోయింది ఆరుగురే. మమ్మీ కట్లు విప్పేటప్పుడు పక్కనే ఉన్న పదిమందిలో ఒక్కరూ పోలేదు. శాపం తగలాల్సిన మొదటివాడు కార్టర్ 1939 దాకా బతికాడు. తండ్రి వెంట లోపలికి వెళ్లిన కార్నార్వన్ కూతురు ఎవలిన్ 1980లో పోయింది.

భయపడాల్సింది ఎవరు ఎవరికి అన్నదే నా అనుమానం. మమ్మీలను పొడి కొట్టి మందుగా మింగింది యూరపు వాళ్లు. ఆ పొడితోనే గోధుమ వన్నె రంగు చేసి 'మమ్మీ బ్రౌన్' పేరుతో ట్యూబుల్లో అమ్మారు, చిత్రకారులు కొన్నారు. ఎడ్వర్డ్ బర్న్-జోన్స్‌కు అదేమిటో తెలిసిన రోజున తన దగ్గరున్న ట్యూబు తెచ్చి తోటలో గొయ్యి తీసి పాతిపెట్టాడు. విక్టోరియా కాలపు లండన్‌లో టిక్కెట్టు పెట్టి మరీ జనం ముందు మమ్మీ కట్లు విప్పేవారు. ఇంత చేసినవాళ్లకు శవం లేచి వస్తుందేమోనన్న కల రాకపోతేనే ఆశ్చర్యం.

మన హైదరాబాదులోనూ ఒక మమ్మీ ఉంది. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెస్తే, ఏడో నిజాం మ్యూజియానికిచ్చాడు. ఎవరో రాజకుమార్తె అని చెబుతారు. శాపం మాట మాత్రం ఆ గదిలో నేనెప్పుడూ వినలేదు. బడిపిల్లల వరస అద్దానికి ముక్కులు ఆనించి, గుడ్డ చిరిగిన చోట కాలివేళ్లు కనిపిస్తున్నాయా లేదా అని తోసుకునేది. "పాపం, చిన్నపిల్లే" అనుకుంటూ పోయే ఆడవాళ్లు కనిపించేవారు. ఆ పాత పెట్టె ఇప్పుడు లేదు. కట్లు పాడైపోతున్నాయని 2016లో స్కానింగు చేయించి, ఆక్సిజన్ చొరబడకుండా నైట్రోజన్ నింపిన కొత్త పెట్టెలో పెట్టారు. ఇంగ్లీషు సినిమా అంటే జంటనగరాల్లో అందరూ చెప్పే సికింద్రాబాద్ సంగీత్ థియేటరూ లేదు.

మెల్లగా నడిచే మమ్మీకి 1999తో కాలం చెల్లింది. ఆ ఏడు వచ్చిన 'ది మమ్మీ'లో అది పరిగెత్తింది, ఇసుక తుపానై మొహం విప్పి విమానాన్ని మింగింది. నేనూ నవ్వుకుంటూ, అదిరిపడుతూ చూశాను. భయం మాత్రం వెయ్యలేదు. ఒక్క సంగతి గుచ్చుకుంది, అందులో విలన్ పేరు ఇమ్‌హోటెప్. నిజం ఇమ్‌హోటెప్ జోసర్ రాజుకు మంత్రి, సక్కారా మెట్ల పిరమిడ్ కట్టించినవాడు, తర్వాత కాలంలో ఈజిప్టు జనం వైద్యదేవుడిగా మొక్కినవాడు. మన ధన్వంతరిని పట్టుకుని దెయ్యం వేషం కట్టించినట్టుంది. 1932 సినిమా కూడా ఇదే పేరు వాడుకుంది.

ఈజిప్టు వాళ్లు తమ మమ్మీల మీద తామే తీసుకున్న సినిమా ఒకటుంది, షాదీ అబ్దెల్ సలాం తీసిన 'అల్ మూమియా', 1969. అందులో శవం లేవదు, శాపమూ ఉండదు. గుర్నా గ్రామంలో అబ్దెల్ రసూల్ కుటుంబం కొండ గుహలో దాచిన రాజుల శవాలను కనుక్కుని, ఏళ్ల తరబడి ఒక్కొక్క వస్తువే అమ్ముకు తిన్నది. 1881లో గుట్టు రట్టయింది. ఆ సంగతే కథ. తండ్రి పోయాక ఈ బతుకు రహస్యం తెలిసిన కుర్రాడు వనీస్ అన్నం సహించక తిరుగుతుంటాడు. చచ్చినవాళ్లను అమ్ముకుంటే పాపం, చెప్పేస్తే సొంతవాళ్లకు ద్రోహం. నిజంగా ఆ రోజుల్లో రెండో రామ్సెస్‌తో సహా రాజులందరినీ ఓడ మీద కైరోకు తీసుకెళుతుంటే, నైలు గట్ల వెంట ఆడవాళ్లు జుట్టు విరబోసుకుని సొంత ఇంటి చావులా ఏడ్చారట. కైరో గేటు దగ్గర పన్ను గుమాస్తాకు పట్టీలో శవాల రేటు కనిపించక ఎండుచేపల కింద రాసుకున్నాడనీ చెబుతారు.

ఆ గుర్నా కూడా ఇప్పుడు లేదు. ఇళ్ల కింద సమాధులు పాడవుతున్నాయని 2006 నుంచి ప్రభుత్వం వాటిని కూల్చి, జనాన్ని కొత్త కాలనీకి తరలించింది. హజ్‌కు వెళ్లొచ్చినవాళ్లు గోడల మీద ఓడ, విమానం, కాబా వేయించుకునేవారు. గోడలతోపాటు ఆ బొమ్మలూ పోయాయి. షాదీ అబ్దెల్ సలాం మరో పెద్ద సినిమా తీయలేదు. అఖెనాటెన్ రాజు కథ తీయాలని ఏళ్ల తరబడి ప్రతి దుస్తూ, ప్రతి సన్నివేశమూ బొమ్మ గీసుకుని కూర్చున్నాడు. డబ్బు సమకూరక ముందే 1986లో పోయాడు. ఆయన వేసిన బొమ్మలు, సామగ్రి అలెగ్జాండ్రియా గ్రంథాలయంలో ఆయన పేరిట ఉన్న గదుల్లో చూడొచ్చు.