డాంప్, డ్యాంప్, నెమ్ము

నవంబరు 4

డాంప్ అంటే ఆవిరి. డ్యాంప్ అంటే చెమ్మ. మొదటిది డేనిష్, రెండోది ఇంగ్లిష్. రాతలో రెండింటికీ అవే నాలుగు అక్షరాలు. తెలుగులో రాసుకుంటే మధ్యలో ఒక్క యవత్తు తేడా. ఆ యవత్తు దగ్గర ఇవాళ ఇంకెవరో జారిపడ్డారు.

ఇస్త్రీపెట్టెతో పాటు ఇచ్చే చిన్న పుస్తకం. డేనిష్ నుంచి ఇంగ్లిష్‌లోకి తిప్పి, సరిచూడమని నాకు పంపారు. ఏడో పేజీలో "డ్యాంప్ వచ్చే చోట చెయ్యి పెట్టకండి, కాలుతుంది" అని ఉంది. చెమ్మకి చెయ్యి కాలడమేమిటి! ఒక్కదాన్నే పకపకా నవ్వాను. కాసేపటికి నవ్వే హక్కు నాకు లేదని గుర్తొచ్చింది.

ఆర్హుస్‌కి వచ్చిన మొదటి చలికాలం. పడకగదిలో ఉత్తరపు గోడ మూల, బీరువా వెనక, ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. భవనం బాగోగులు చూసే ఆయన్ని ఇక్కడ వీసెవేర్ట్ అంటారు. ఆయనకి ఫోన్ చేసి, కూడబలుక్కున్న డేనిష్‌లో "గోడలో డాంప్ ఉంది" అన్నాను. పావుగంటలో వచ్చాడు. చేతిలో పెద్ద పానా, వెనక ఇంకో మనిషి. గోడలో వేడినీళ్ళ గొట్టం పగిలి ఆవిరి చిమ్ముతోందనుకున్నారు పాపం. నేను బీరువా జరిపి చుక్కలు చూపించాను. ఆయన వాటినీ నన్నూ మార్చి మార్చి చూసి, పానా కింద పెట్టి, "ఫొగ్ట్" అన్నాడు. చెమ్మ అని. నేను నిజంగా నేర్చుకున్న మొదటి డేనిష్ మాట అదే. అంతకు ముందు నేర్చుకున్నవన్నీ పరీక్ష కోసం.

నవంబరు 6

ఇంగ్లిష్ డ్యాంప్ కూడా ఒకప్పుడు ఆవిరే. జర్మనీ ఉత్తర తీరంలో వర్తకులు మాట్లాడిన పాత భాషలో ఆ మాటకి ఆవిరి, పొగ అని అర్థం. అక్కణ్ణుంచే ఇంగ్లిష్‌లోకి వెళ్ళింది. మొదట్లో అక్కడ విషవాయువనే అర్థం. తర్వాత మెల్లగా చల్లబడి, నీరుకారి, గోడలకి పట్టింది. డేనిష్ వాళ్ళు మాత్రం దాన్ని వేడివేడిగానే ఉంచుకున్నారు.

పాత అర్థం ఇంగ్లిష్‌లో ఒక్కచోట చావకుండా మిగిలింది. బొగ్గు గనిలో. అక్కడ ఫైర్‌డ్యాంప్ అంటే మండే మీథేన్. బ్లాక్‌డ్యాంప్ అంటే దీపాన్నీ మనిషినీ కూడా ఆర్పేసే గాలి. పేలుడయ్యాక మిగిలే విషం ఆఫ్టర్‌డ్యాంప్. 1812లో ఇంగ్లండ్ ఈశాన్యాన ఫెల్లింగ్ గనిలో ఫైర్‌డ్యాంప్ పేలి 92 మంది పోయారు. హంఫ్రీ డేవీ సన్నటి తీగ వల చుట్టిన దీపం తయారుచేసింది ఆ తర్వాతే, 1815లో. వీటిలో దేంట్లోనూ చెమ్మ లేదు. పైనున్న వాళ్ళకి మాట అర్థం మారిపోయింది, గనిలోకి దిగేవాళ్ళకి మారలేదు. అక్కడ మాట తప్పితే ప్రాణం మీదికే కదా.

నవంబరు 9

కొత్త పని వచ్చింది. వంటింటి యంత్రాలకి, గాలిలో చెమ్మ లాగే యంత్రాలకి పదాల పట్టిక. ఎడమ గడిలో ఇంగ్లిష్, కుడి గడిలో డేనిష్. ఒక మాటకి ఒకే మాట ఉండాలట. పట్టిక పంపినామె దయగా, "రోజు పని, అంతే" అని రాసింది.

ఎడమవైపు బారులు తీరి నిలబడ్డాయి: మాయిశ్చర్, డ్యాంప్, హ్యుమిడిటీ, స్టీమ్, వేపర్, మిస్ట్, కండెన్సేషన్. కుడివైపు మొదటి రెండింటికీ ఫొగ్టే. మూడోది గాలి ఫొగ్ట్. స్టీమ్‌కి డాంప్. వేపర్‌కీ డాంప్, మరీ పట్టుబడితే "వాన్‌డాంప్". వాన్ అంటే నీళ్ళు. మన వానకీ దానికీ చుట్టరికం లేదు, వినడానికి మాత్రం మేనత్త కూతురిలా ఉంటుంది.

ఇంగ్లిష్ వాళ్ళ కావిడి బరువుకి కారణం తెలిసిందే. స్టీమ్, వెట్, డ్యూ ఇంట్లో పుట్టినవి. మాయిశ్చర్, వేపర్ ఫ్రెంచి నుంచి వచ్చినవి. హ్యుమిడిటీ చదువుకున్న లాటిన్. వంటింట్లో స్టీమ్, ప్రయోగశాలలో వేపర్. డేనిష్‌కి ఆ అంతస్తులు లేవు. ఇడ్లీపాత్ర మీదా డాంపే, భౌతికశాస్త్రంలోనూ డాంపే, ఇంటి గోడల్లో అట్టలా పరిచే ప్లాస్టిక్ పొరా డాంప్‌స్పెర్రె, అంటే ఆవిరి అడ్డు. దాన్ని ఎవరో ఇంగ్లిష్‌లో "స్టీమ్ బ్యారియర్" అని రాయడం చూశాను. గోడలో ఎవరు నీళ్ళు కాస్తున్నారు నాయనా?

నవంబరు 10

అయినా డేనిష్‌ని పేద భాష అననివ్వను. వాళ్ళకి "ఎమ్" ఉంది. అన్నం వార్చినప్పుడు మొహానికి కొట్టేది, స్నానాల గదిలో తలుపు తీయగానే ఎదురొచ్చేది, వేడివేడి జనం నిండిన గదిలో నిలబడేది. పొయ్యి మీద పొగ లాగే గూడుని అందుకే ఎమ్‌హెట్టె అంటారు, ఎమ్ టోపీ అని. ఇంగ్లిష్‌లో దానికీ స్టీమే.

నిజానికి స్టీమ్ కంటికి కనపడదు. కెటిల్ మూతి దగ్గర, తెల్లపొగ మొదలయ్యే ముందు, వేలెడు ఖాళీ ఉంటుంది చూడు, అసలు ఆవిరి అది. మనం ఆవిరనేది అప్పటికే చల్లబడి చుక్కలైపోయిన నీళ్ళు. చిన్నప్పుడు మేష్టారు చెప్పారు, నేను నమ్మలేదు. ఇవాళ పొద్దున టీ పెట్టుకుంటూ వంగి చూశాను. నిజమే, అక్కడ ఏమీ లేదు. ఏమీ లేనిదే ఎక్కువ కాలుస్తుంది.

నవంబరు 14

ఆఫీసులో ఒకావిడ పుట్టినరోజు. ఎవరి పుట్టినరోజైతే వాళ్ళే కేకు తేవాలి, ఇక్కడి పద్ధతి. ఆవిడ తెచ్చింది నోట్లో వేసుకుంటే కరిగిపోయింది. ఇంగ్లిష్‌లో మాయిస్ట్ అంటే కేకుకి గొప్ప మెప్పు. ఆ ధైర్యంతో "చాలా ఫొగ్టీగా ఉంది" అన్నాను. ఆవిడ మొహం వాడిపోయింది. నేలమాళిగ వాసనొస్తోందని చెప్పినట్టయింది. అనాల్సింది "స్వాంపెత్" అట, స్పంజిలా ఉందని. స్వాంప్ అంటే స్పంజి, పుట్టగొడుగు కూడా. స్కిమ్మెల్‌స్వాంప్ అంటే నా బీరువా వెనక నల్లచుక్కలు, అదే బూజు. అంటే కేకుని మెచ్చుకునే మాట, గోడని తిట్టే మాట ఒకే వేరు మీద లేచాయి. ఎవరిని నమ్మాలి?

ఇంగ్లిష్‌లో మాయిస్ట్‌కీ సుఖం లేదు. ఆ మాట వింటేనే ఒళ్ళు జలదరిస్తుందనేవాళ్ళు అమెరికాలో దాదాపు అయిదుగురిలో ఒకరని 2016లో ఓబర్లిన్ కళాశాల పరిశోధకుడొకరు రాశాడు. చప్పుడు వల్ల కాదట, ఒంటి తడి గుర్తు రావడం వల్లట.

నవంబరు 17

మొగ్ అంటే డేనిష్‌లో బూజు. మొగ్గెన్ అంటే బూజు వాసన వేసేది, లేదా మూతి ముడుచుకుని మూల కూర్చున్న మనిషి. ఇంగ్లిష్ మగ్గీ, ఉక్కగా ఉన్న రోజుకి వాడేది, ఉత్తరాది సముద్రదొంగలు మోసుకొచ్చిన "ముగ్గ" నుంచి వచ్చింది. వాళ్ళ భాషలో దానికి సన్నటి తుంపర అని అర్థం. తుంపర ఇంగ్లండ్ చేరి ఉక్కపోత అయింది.

క్లామ్ అనేది ఇంకోటి. చల్లగా తడిగా అంటుకునేది, ఇంగ్లిష్ క్లామీ లాంటిది. ఇప్పుడు పిల్లలు అసహ్యమైన దేన్నయినా క్లామ్ అనేస్తున్నారు. మా వాడు నిన్న కాకరకాయ కూరని అన్నాడు. ఆ కూరలో తడి చుక్కైనా లేదు, నూనెలో కరకరలాడించాను.

నవంబరు 21

మొదటిసారి మంచు పడింది. అమ్మకి ఫోన్ చేసి "మంచు కురుస్తోందే అమ్మా" అన్నాను, సంబరంగా. "మాకూ కురుస్తోంది, తలకి గుడ్డ కట్టుకుని తిరుగు" అంది. కార్తీకమాసం తెల్లవారుజాము, గోదావరి గట్టు, తెల్లటి పొగమంచు. ఆవిడ తప్పేమీ లేదు. గడ్డి మీద బొట్టూ మంచే, దారి కనపడనీయనిదీ మంచే, హిమాలయం మీదదీ మంచే. డేనిష్‌లో మొదటిది డొగ్, రెండోది టోవ, మూడోది స్నే. టోవ పల్చబడితే డీస్. వసంతంలో చల్లటి సముద్రం మీదుగా వెచ్చటి గాలి వచ్చి ఒడ్డుని ఒక్కసారిగా కప్పేస్తే హౌగూస్. సముద్రం పక్కన బతికేవాళ్ళకి అన్ని గదులు కావాలి.

డొగ్‌తో ఇంకో చిక్కు. కాగితం మీద బల్లగుడ్డకీ అవే అక్షరాలు. నోటితో అయితే బల్లగుడ్డలో చివరి హల్లు మింగేసి "డూ" అంటారు. "బల్ల మీద డొగ్ ఉంది" అన్నానొకసారి భోజనాల దగ్గర. అందరూ పైకప్పు వంక చూశారు.

అద్దం మీద పట్టేదాన్ని కూడా వాళ్ళు డొగ్ అనే అంటారు. నాకది నచ్చింది. గడ్డి పరక మీదా కిటికీ అద్దం మీదా జరిగే పని ఒకటే మరి.

నవంబరు 24

వీసెవేర్ట్ మళ్ళీ వచ్చాడు. చుక్కలు తిరగబెట్టాయి. బీరువాని గోడకి జానెడు దూరం జరిపించి, రోజుకి రెండు మూడుసార్లు కిటికీలన్నీ బార్లా తెరిచి పదేసి నిమిషాలు గాలాడనివ్వమన్నాడు. బయట చూస్తే టోవ. చెయ్యి చాస్తే తడుస్తోంది. ఈ చెమ్మని లోపలికి రానిస్తే గోడ ఆరుతుందా? ఆయన "అవును" అని వెళ్ళిపోయాడు.

రాత్రి లెక్క వేసుకున్నాను. సున్నా డిగ్రీల గాలి ఘనపు మీటరుకి అయిదు గ్రాములకి మించి నీటిఆవిరిని మోయలేదు. ఇరవై డిగ్రీల గాలి పదిహేడు గ్రాముల దాకా మోస్తుంది. బయటి పొగమంచు గాలి నిండుగా తాగి ఉన్నా దాని చేతిలో ఉన్నది అయిదు గ్రాములే. ఇంట్లోకి వచ్చి వెచ్చబడితే దాహంతో ఉన్న గాలవుతుంది, ముప్ఫై శాతమైనా నిండనిది. మన వంటా, స్నానాలూ, ఊపిరీ వదిలిన తడిని తాగి పోతుంది. ఆయన చెప్పిందే నిజం. క్షమాపణ చెప్పాలి, కానీ ఆయనకి నా అనుమానం తెలియదుగా. వదిలేశాను.

డిసెంబరు 1

కోపెన్‌హేగన్ ప్రయాణం. రైలు రోస్కిల్డె దాటుతుంటే 1847 గుర్తొచ్చింది. డెన్మార్క్ రాజ్యంలో మొదటి రైలుదారి ఇదే, కోపెన్‌హేగన్ నుంచి ఇక్కడికి. ఇంజన్లలో ఒకదాని పేరు ఓడిన్, వాళ్ళ పాత దేవుడు. ఆవిరికి అప్పుడు ఆ గౌరవం. 1866లో టీట్‌గెన్ అనే ఆసామి పెట్టిన ఓడల కంపెనీ పేరులో ఇప్పటికీ ఆవిరి ఉంది. డీఎఫ్‌డీఎస్‌లో రెండో డీ డాంపే. ఓడలు మాత్రం డీజిల్ తాగుతున్నాయి.

మనవాళ్ళు పొగబండి అన్నారు, పొగఓడ అన్నారు. యంత్రం చేసినవాడికి ఆవిరి కనపడింది, గట్టున నిలబడ్డవాడికి పొగ. నాకు మనదే ఎక్కువ నిజాయితీగా అనిపిస్తుంది. ఆవిరి కనపడదని కెటిల్ దగ్గర చూశాను కదా.

నేస్తురాలు ఉండేది ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో. 1903లో అక్కడ చెత్త కాల్చి ఆ వేడితో ఆసుపత్రిని వెచ్చబెట్టారు. ఈ దేశంలో ఊరంతటికీ కలిపి వేడి పంచే పద్ధతికి అది మొదలు. కోపెన్‌హేగన్ నడిబొడ్డున చాన్నాళ్ళు గొట్టాల్లో ఆవిరే పంపేవారు. ఆవిరైతే దారిలో వేడి ఎక్కువ పోతుందని వేడినీళ్ళకి మార్చారు. పాపం డాంప్‌కి అక్కడా ఉద్యోగం పోయింది. ఇప్పుడు వీధిలో "డాంపె" అంటే ఈ-సిగరెట్ పీల్చడం.

డిసెంబరు 8

అమ్మ పంపిన అప్పడాలు మెత్తబడ్డాయి. "నెమ్మెక్కాయా? ఎండలో పడెయ్" అంది. ఎండ ఎక్కడుందమ్మా, మూడింటికే దీపాలు పెడుతున్నాం. "అయితే పిల్లాడు జాగ్రత్త, నెమ్ము చేస్తుంది."

అప్పుడు తట్టింది. అప్పడానికి పట్టేదీ, గోడకి పట్టేదీ, పిల్లాడి గుండెల్లో చేరేదీ మనకి ఒక్క నెమ్మే. నేను పట్టికలో ఫొగ్ట్ ఎదురుగా మూడు రోజులుగా వెతుకుతున్న తెలుగు ఇదే. తెలుగు గడి లేదు ఆ పట్టికలో, ఎవరూ అడగలేదు. అయినా పెన్సిల్‌తో పక్కన రాసుకున్నాను. బడి పుస్తకంలో ఆర్ద్రత అని చదివాం గాలిలో తేమకి. కథల్లో అదే మాట మనసు కరగడానికి. బాష్పం సంగతీ అంతే, ఒక పేజీలో ఆవిరి, ఇంకో పేజీలో కన్నీరు. పరీక్షలో బాష్పీభవనం నిర్వచనం రాస్తూ ఎవరికీ ఏడుపు రాలేదు, జవాబు రాకపోతే తప్ప.

డిసెంబరు 10

పట్టిక పంపేశాను. డ్యాంప్‌కి మూడు గడులు పెట్టాను, ఒక్కో గడిలో ఒక్కో వాక్యం రాసి. ఒకటి గోడకి, ఒకటి బట్టకి, ఒకటి గనికి. "వంటింటి యంత్రాల పట్టికలో గని ఎందుకు?" అని గంటలో జవాబు వచ్చింది. తీసేశాను. మిగతా రెండూ తీయనన్నాను.

అప్పడాల డబ్బా మూత తీసి రేడియేటర్ మీద పెట్టాను. రేపు కింద లాండ్రీ గదిలో మా వంతు నాలుగు నుంచి ఏడు దాకా. ముందు తువ్వాళ్ళు, తర్వాత దుప్పట్లు. ఇంట్లో ఆరేయకూడదు.