పలుకని పెట్టె

ఉపాధ్యాయుడు పిల్లలకు నేర్పునది కొంత, పిల్లలవలనను వారి తలిదండ్రులవలనను తాను నేర్చుకొనునది కొంత. శిక్షణ కళాశాలలో మాకు బోధనాపద్ధతులు నేర్పిన పెద్దలు ఈ మాట తరచుగా చెప్పుచుండెడివారు. అందలి సత్యము 2024వ సంవత్సరము జూన్ నెలలో మాకు తేటపడినది. అది మాకు గౌరవము తెచ్చు సంగతి కాదు. ఐనను మన సంచికలో బహుమతులును విజయములును ముద్రించుకొనుచుండగా, ఒక తప్పిదమును దాని దిద్దుబాటును సయితము ముద్రించుట న్యాయమని తలంచి దీనిని వ్రాయుచున్నాము.

మన పాఠశాలలో ప్రవేశము గోరువారు పూర్వము కాగితపు దరఖాస్తులను ఆఫీసులో నిచ్చెడివారు. దూరగ్రామములవారు ఇందుకై ఒక దినపు కూలి పోగొట్టుకొని, బస్సు ఛార్జీలు పెట్టుకొని రావలసియుండెను. వారి శ్రమ తగ్గించుటకై 2023వ సంవత్సరమున మేమును, కంప్యూటరు క్లబ్బులోని విద్యార్థులు నలుగురును కూడి, సెల్‌ఫోనుమీదనే నింపి పంపదగిన యొక వెబ్ దరఖాస్తును తయారుచేసితిమి. అది చూచుటకు ముచ్చటగా నుండెను. పేరు, తరగతి, చిరునామా, హాస్టలు కావలయునా వద్దా అనునవి నింపి "పంపుము" అను బటనును నొక్కగనే, వెనుకనున్న పుట మసకబారి, నడుమ నొక తెల్లని పెట్టె తెరచుకొనెడిది. "మీరు వ్రాసినవన్నియు సరియేనా?" అని యందులో నుండెను. "అవును" అని నొక్కినగాని దరఖాస్తు మాకు చేరదు. తొందరపాటున తప్పులు పంపకుండుటకై చేసిన యేర్పాటది. ఇట్టి పెట్టెను పాప్-అప్ డైలాగు అందురు. దానిని చూచి మేము మిక్కిలి సంతోషించితిమి. చూచితిమే గాని, విని పరీక్షింపమైతిమి.

మరుసటి యేడు ప్రవేశపు జాబితా గోడకు అంటించిన మరునాడు ఒక తండ్రి తన కుమార్తెను వెంటబెట్టుకొని ఆఫీసునకు వచ్చెను. ఆయన పుట్టుకతోనే చూపులేనివారు. తమ గ్రామ దేవాలయములో హార్మోనియము వాయించుచు, పిల్లలకు పాటలు నేర్పుచుండువారు. ఆ బాలిక ఆరవ తరగతిలో చేరవలసినది.

"అయ్యగారూ, మా అమ్మాయి పేరు జాబితాలో లేదని చెప్పుచున్నారు. నేను మే నెల 20వ తేదీననే దరఖాస్తు పంపితిని" అని ఆయన వినయముగా పలికెను.

మేము కంప్యూటరులో వెదకి, "మీ దరఖాస్తు మాకు చేరలేదండీ. బహుశా మీరు సరిగా నింపియుండరు" అంటిమి.

ఆ మాట మా నోట వెలువడినందుకు నేటికిని నొచ్చుకొనుచున్నాము. ఆయన ముఖము చిన్నబోయెను. కుమార్తె మాత్రము ఊరకుండలేదు. "లేదండి మాస్టరుగారూ, నేను అమ్మమ్మగారి ఊరు వెళ్లినప్పుడు మా నాన్న ఎవరినీ అడుగకుండా తానే నింపినాడండి. ఒక్క తప్పు కూడ ఉండదు" అనెను.

"ఐతే ఇప్పుడు మాయెదుట మరల నింపి చూపుదురా?" అని అడిగితిమి. ఆయన తన ఫోను తీసెను. అందులో టాక్‌బ్యాక్ అను సాధనము పనిచేయుచుండెను. తెరమీద నున్నదానిని అది చదివి వినిపించును. వ్రేలితో కుడివైపునకు తోసిన తరువాతిదియు, ఎడమవైపునకు తోసిన ముందటిదియు చదువును. రెండుమార్లు తట్టిన బటను నొక్కినట్లగును. ఆయన యెంత చురుకుగా నింపెననగా, చూపుగల మేమైనను అంత త్వరగా నింపలేము. చివరకు "పంపుము, బటన్" అని ఫోను పలికెను. ఆయన రెండుమార్లు తట్టెను. మాకు తెల్లని పెట్టె కనబడెను. ఫోను మాత్రము ఏమియు పలుకలేదు. ఆయన వ్రేలు ముందుకు తోయగా పాఠశాల చిరునామాయు, ఫోను నంబరును వినబడెను. అంతటితో పుట ముగిసెను.

"ఇంతేనండీ. ఆనాడును ఇట్లే జరిగినది. తప్పని యేమియు పలుకలేదు గనుక చేరినదని తలంచితిని" అని ఆయన చెప్పెను.

మాకు నోట మాట రాలేదు. తప్పు ఆయనది కాదు, మాదే. మేము ఆ పెట్టెను పుట ప్రారంభముననే వ్రాసి దాచియుంచి, బటను నొక్కినప్పుడు పైకి కనబడునట్లు చేసితిమి. కంటికి అది నడుమ నిలిచినను, చదువు సాధనమునకు అది ఎప్పుడో దాటిపోయిన మొదటి పంక్తులలోనిది. పెట్టె తెరచుకొన్నదని ఆ సాధనమునకు మేము తెలియజేయలేదు. ఆయన ఎదుట ప్రశ్న నిలిచియున్నది, ప్రశ్న యడుగబడినదనియే ఆయనకు తెలియదు. చూపులేనివాని త్రోవలో అడ్డము పెట్టరాదని లేవీయకాండము 19వ అధ్యాయము శాసించుచున్నది. ఆ యధ్యాయమును తరగతిలో పలుమార్లు బోధించిన మేమే ఆ పని చేసితిమి.

వెంటనే హెడ్మాస్టరుగారికి సంగతి యావత్తు విన్నవించితిమి. వారు దయతో బాలికను తరగతిలో చేర్చుకొనిరి. కాని హాస్టలులో పడకలన్నియు అప్పటికే నిండిపోయినవి. ఒకరికి ఇచ్చిన స్థలము తీసి మరియొకరికి ఇచ్చుట న్యాయము కాదు. ఆ బిడ్డ క్రిస్మస్ సెలవులవరకు ప్రతిదినము తెల్లవారుజామున లేచి బస్సులో వచ్చి పోవలసివచ్చినది. వర్షాకాలములో తడిసిన పుస్తకములతో ఆమె తరగతిలోనికి వచ్చిన ప్రతిసారియు, మా తెల్లని పెట్టె మాకు జ్ఞప్తికి వచ్చుచుండెను.

ఆనాడు వారు ఆఫీసునుండి వెళ్లుచుండగా ఆ బాలిక తండ్రిని నడిపించిన తీరు మేము గమనించితిమి. హెడ్మాస్టరుగారు వరండాలో ఎదురుకాగా, "నాన్నా, హెడ్మాస్టరుగారు వచ్చినారు" అని ముందు చెప్పెను. తండ్రి చేయి పట్టి వారివైపు త్రిప్పెను. వారు మాటలాడునంతసేపు ఆ చేయి విడువక, ప్రక్కన తిరుగువారు ఆయనను త్రోసికొనకుండ నిలిచెను. మాటలు ముగియగనే, "వారు వెళ్లినారు నాన్నా" అని చెప్పి, ఆయన కూర్చుండిన బల్లయొద్దకే తిరిగి తీసికొనివచ్చెను. పాప్-అప్ డైలాగు చేయవలసిన పనులన్నియు ఇవియే యని మాకు తరువాత బోధపడెను.

ఎట్లనగా, పెట్టె తెరచుకొన్నప్పుడు తానెవరో పేరు చెప్పవలెను. ఇందుకు దానిని డైలాగు అని గుర్తించునట్లు వ్రాసి, ఏరియా-లేబుల్డ్‌బై అను గుర్తుతో దాని శీర్షికను జతపరుపవలెను. రెండవది, చేయి పట్టి లోనికి తీసికొనిపోవలెను. కీబోర్డుగాని, చదువు సాధనముగాని ఏ స్థలమున నిలిచియున్నదో దానిని ఫోకస్ అందురు. ఆ ఫోకస్‌ను పెట్టెలోనికి మార్చవలెను. మూడవది, పెట్టె తెరచియున్నంతసేపు వెనుకనున్న పుట నిశ్చేష్టముగా నుండవలెను. నాలుగవది, ఎస్కేప్ మీటవలనను, స్పష్టమైన "మూయుము" బటనువలనను బయటపడు త్రోవ యుండవలెను. అయిదవది, పెట్టె మూసికొనగనే ఫోకస్‌ను ఏ బటనునుండి తీసికొనిపోతిమో అక్కడికే మరల చేర్చవలెను. లేనియెడల ఆ మనిషి పుట మొదటనో, ఎక్కడనో దిక్కుతోచక నిలిచిపోవును.

ఈ దిద్దుబాటునకు మేమును విద్యార్థులును పూనుకొంటిమి. మా మొదటి ప్రయత్నము కూడ సరిపడలేదు. ట్యాబ్ మీట నొక్కినప్పుడెల్ల ఫోకస్ పెట్టెలోనే తిరుగునట్లు మేమే కోడు వ్రాసితిమి. తొమ్మిదవ తరగతి విద్యార్థిని యొకతె తెర ఆర్పివేసి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, కంప్యూటరుమీద ఎన్‌వీడీఏ అను చదువు సాధనముతో పరీక్షించెను. ఎన్‌వీడీఏను ఆస్ట్రేలియా దేశమున మైఖేల్ కర్రన్ అను చూపులేని యువకుడు 2006వ సంవత్సరమున ఆరంభింపగా, జేమ్స్ టే అను మరియొక చూపులేని యువకుడు ఆయనతో కూడెను; ఇరువురును దానిని యెల్లవారికి ఉచితముగా నిచ్చిరి. ఆ విద్యార్థిని కొంతసేపటికి, "మాస్టరుగారూ, లోనికి పోయితిని గాని బయటికి రాలేకున్నాను" అనెను. మేము ఎస్కేప్ మీట సంగతి మరచితిమి. మూయు గుర్తును బొమ్మగా వ్రాసితిమి గాని నిజమైన బటనుగా వ్రాయలేదు. మౌస్ లేనివారికి అది చెరసాలయే. వెబ్ సౌలభ్య నియమావళిలో, కీబోర్డు ఎక్కడను చిక్కుపడరాదని 2.1.2 అను నియమము కలదు. ఆ నియమావళి మొదటి కూర్పు 1999లోను, రెండవది 2008లోను, 2.1 అనునది 2018లోను, 2.2 అనునది 2023లోను వెలువడినవి. చదివియుండియు మేము దానిని మీరితిమి.

మరియొక లోపము ఫోనుమీద బయటపడినది. మేము కాపలా పెట్టినది ట్యాబ్ మీటకు మాత్రమే. వ్రేలితో తోయువారికి ట్యాబ్ మీటయే లేదు గదా! వారు పెట్టె దాటి వెనుకటి పుటలోనికి జారిపోవుచుండిరి.

అప్పుడు మా క్రొత్త కోడును తీసివేసి, హెచ్‌టీఎమ్‌ఎల్‌లోనే యున్న డైలాగు అను ట్యాగును వాడితిమి. క్రోమ్ బ్రౌజరు దీనిని 2014లోనే గ్రహించినను, ఫైర్‌ఫాక్స్, సఫారీలు 2022 మార్చిలో గ్రహించినవి. దానిని షో అను ఆజ్ఞతో తెరచిన వెనుకటి పుట సజీవముగనే యుండును. షోమోడల్ అను ఆజ్ఞతో తెరచినచో వెనుకటి పుటను బ్రౌజరే నిశ్చేష్టము చేయును. ఫోకస్‌ను లోనికి తీసికొనిపోవుట, ఎస్కేప్ మీటకు మూసికొనుట, మూసిన పిమ్మట పూర్వస్థానమునకు చేర్చుట అను పనులను కూడ అదియే చూచుకొనును. వందకు పైబడిన మా పంక్తులు చేయలేని పనిని ఒక్క ట్యాగు చేసినది. ఐనను పేరు పెట్టుట మన పనియే. ఫోకస్ మొదట ఎక్కడ నిలువవలెనో ఆలోచించుటయు మన పనియే. మొదట అది "అవును" మీద నిలుచుచుండెను. తొందరపడి మరియొకమారు తట్టినచో దరఖాస్తు వెళ్లిపోవును. కనుక "మరల చూచుకొందును" అను బటనుమీద నిలుచునట్లు మార్చితిమి.

చూపు మందగించిన పెద్దలు అక్షరములను పెద్దవి చేసి చదువుదురు. 200 శాతము పెంచి చూడగా మా బటనులు తెర దిగువకు పోయి అందకుండెను. పెట్టెలోపల పైకి క్రిందికి జరుగు వీలు కల్పించి దానిని సరిచేసితిమి. దరఖాస్తు చేరిన పిమ్మట దాని సంఖ్యను తెలుపు క్రొత్త పుట తెరచుకొనునట్లును చేసితిమి. మౌనమును ఎవరును విజయమని తలంపవలసిన అవసరము ఇక లేదు. తుదకు, ఆటల పండుగను గూర్చి మొదటి పుటలో తనంతట తానే దూకుచుండిన పెట్టెను పూర్తిగా తీసివేసితిమి. ఒక పంక్తిలో వ్రాయదగినదానికి పెట్టె యెందుకు?

అన్నియు ముగిసిన పిమ్మట ఆ తండ్రిని పిలిపించి, పరీక్షించుమని వేడుకొంటిమి. ఆయన "పంపుము" తట్టగానే ఫోను పెట్టె శీర్షికను చదివి, బటను పేరు పలికెను. ఆయన నవ్వి, "ఇప్పుడు నన్ను అడిగినారండీ" అనెను. బర్తిమయి కేక విని ప్రభువు నిలిచి, నీకేమి కావలెనని ముందు అతనినే అడిగెను గదా. మేము ఆయనను అడుగవలసినది పెట్టె కట్టకముందే. కట్టి, చెడగొట్టి, ఒక బిడ్డను ఆరు నెలలు బస్సులలో త్రిప్పిన పిమ్మట అడిగితిమి.

ప్రియ విద్యార్థులారా, మీలో అనేకులు రేపు ఇట్టి పుటలను కట్టెదరు. వికలాంగుల హక్కులను గూర్చిన 2016వ సంవత్సరపు చట్టము మన దేశమున ఈ విషయమై బాధ్యత నుంచినది. కాని చట్టమునకు వెరచి చేయువాడు నియమములను లెక్కించును, పొరుగువానిని తలంచి చేయువాడు తెర ఆర్పి చూచును. మీరు కట్టినదానిని మౌస్ ముట్టక ఒకమారును, కన్నులు మూసికొని ఒకమారును నడిపి చూడుడు. తలిదండ్రులారా, మన పుటలో ఏ పని మీకు సాగకున్నను, మీ తప్పని యెంచక మాకు తెలుపుడు.

ఆ బాలిక 2025 జనవరిలో హాస్టలులో చేరి, దేవుని కృపవలన సుఖముగా చదువుకొనుచున్నది. కంప్యూటరు క్లబ్బులో క్రొత్తగా చేరినవారిలో ఆమెయు నొకతె. మా పుటలను తెర ఆర్పి పరీక్షించు పనిని ఆమెకే అప్పగించితిమి.