మ్యూనిక్ బీరు జాతర: బెంచీ దొరికినవాడే రాజు!

పేరేమో 'అక్టోబర్ ఫెస్ట్'. మొదలయ్యేదేమో సెప్టెంబర్లో! ఇదేం తిరకాసు అంటారా? అక్టోబర్లో అక్కడ చలి ముదురుతుంది. అందుకని పండగని ముందుకి జరిపి, పేరు మాత్రం పాతదే ఉంచేశారు. సెప్టెంబర్ 15 దాటాక వచ్చే శనివారం మొదలై, మామూలుగా అక్టోబర్ మొదటి ఆదివారంతో ముగుస్తుంది.

ఇంతకీ ఇది బీరు కోసం పుట్టిన పండగ కాదు సుమా! పెళ్ళి కోసం పుట్టింది. 1810 అక్టోబర్ 12న బవేరియా యువరాజు లుడ్విగ్‌కీ, థెరీసా రాకుమారికీ పెళ్ళయింది. ఆ సంబరాల్లో భాగంగా మ్యూనిక్ ఊరి బయట పచ్చిక మైదానంలో గుర్రప్పందేలు పెట్టారు. జనానికి తెగ నచ్చేసి, మరుసటేడు కూడా పెట్టారు. పెళ్ళికూతురి పేరే ఆ మైదానానికి వచ్చింది... 'థెరీసియన్‌వీజే' అని. గుర్రాలు పోయాయి, బీరు మిగిలింది!

మొదటి రోజు సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి మేయర్ గారు కొయ్య సుత్తి పట్టుకుని తొలి పీపాకి కుళాయి దిగ్గొడతారు. 1950 నుంచీ ఇదే ఆనవాయితీ. ఎన్ని దెబ్బలకి దిగిందో జనం లెక్కపెడతారు. మన దగ్గర కొత్త సినిమా మొదటి ఆటకి ఎంత గోలో, అక్కడ ఆ క్షణానికి అంత గోల!

ఇక డేరాల సంగతి. సర్కస్ డేరాని ఊహించుకోకండి. పెద్ద డేరాలో దాదాపు పదివేల మంది పడతారు. అన్నిట్లో పోసేది మ్యూనిక్‌లోని ఆరు కంపెనీల బీరే. బయటి ఊరి సరుకు రానివ్వరు. మైదానంలోకి వెళ్ళడానికి టిక్కెట్టు లేదు, పూర్తిగా ఉచితం. మరి చిక్కెక్కడ? బెంచీ దగ్గర! డేరాలో కూర్చోవడానికి చోటు దొరికితేనే బీరు. నిలబడ్డవాడికి చుక్క కూడా పొయ్యరు.

అందుకే మీ ప్లాను విమానం టిక్కెట్టుతో కాదు, బెంచీతో మొదలవ్వాలి. దారులు రెండు. పదిమంది స్నేహితులుంటే నెలల ముందే డేరా వాళ్ళకి నేరుగా రాసి బల్ల ఖాయం చేసుకోవచ్చు. చోటుకి డబ్బు పుచ్చుకోరు గానీ, తిండికీ బీరుకీ కూపన్లు ముందే కొనాలి. బల్లల్ని బ్లాకులో అమ్మేవాళ్ళు అక్కడా ఉన్నారు! వాళ్ళ జోలికి పోకండి, గుమ్మంలోనే తిప్పి పంపెయ్యొచ్చు. రెండో దారి, ఒకరిద్దరే వెళ్ళేవాళ్ళది. పెద్ద డేరాల్లో కొన్ని బల్లలు ఖాళీగా ఉంచాలని నియమం. శని, ఆదివారాలు మానేసి, మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి. పదింటికల్లా బీరు పోస్తారు. ఎవరి పక్కన చోటుంటే వాళ్ళ పక్కన సర్దుకోవాలి. గంట గడిచేసరికి మీరూ చుట్టాలే! సాయంత్రం ఆరు దాకా బ్యాండు మేళమే, అదీ మెల్లగా. తర్వాతే హోరు.

గ్లాసు అంటే లీటరు. 2025లో ఒక్కో లీటరు 15 యూరోల 80 సెంట్ల దాకా పలికింది, అంటే మన డబ్బుల్లో రమారమి పదహారు వందలు. ఈ బీరు ఆరు శాతం ఘాటు. తాగి పచ్చికమీద వాలిపోయినవాళ్ళకి అక్కడివాళ్ళు పెట్టిన పేరు 'బీరు శవాలు'! ఆ జాబితాలో చేరకండి. తాగనివాళ్ళు బెంగపడక్కర్లేదు. నిమ్మ షోడా, కాల్చిన కోడి, అరచేతికి పట్టనంత బ్రెట్సెల్ రొట్టె, రంగులరాట్నాలు అన్నీ ఉన్నాయి. గ్లాసు జ్ఞాపకంగా సంచీలో వేసుకుంటే మాత్రం దొంగతనం కిందే లెక్క.

వీసాకి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు, హైదరాబాద్‌లోనే కేంద్రం ఉంది. ముప్ఫై వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. పండగ రోజుల్లో మ్యూనిక్ హోటళ్ళ రేట్లు చుక్కలంటుతాయి. రైల్లో గంటలోపే చేరే ఆగ్స్‌బర్గ్‌లో బస చెయ్యడం తెలివైన పని. చిన్న సంచీతోనే వెళ్ళండి. 2016 నుంచి మూడు లీటర్లు మించి పట్టే సంచీని లోపలికి రానివ్వడం లేదు.

ఈ తనిఖీలకి విసుక్కోకండి. ముఖద్వారం దగ్గర ఒక స్మారకం కనిపిస్తుంది. 1980 సెప్టెంబర్ 26 రాత్రి అక్కడ ఓ నయా నాజీ యువకుడు పెట్టిన బాంబుకి పన్నెండుమంది సందర్శకులు చనిపోయారు. వాడూ చచ్చాడు. రెండు వందల మందికి పైగా గాయపడ్డారు. పిల్లాపాపలతో జాతరకొచ్చి ఇంటికి బయల్దేరుతున్న మామూలు జనం వాళ్ళు. పాటలు వింటూ లోపలికెళ్ళేముందు అక్కడ ఒక నిమిషం ఆగండి.

సినిమా ప్రియులకి ఇంకో మాట. మ్యూనిక్ మనకి పరాయి ఊరు కాదు! హిమాంశు రాయ్‌తో కలిసి 1925లో 'ప్రేమ్ సన్యాస్' తీసిన ఫ్రాంజ్ ఆస్టెన్‌ది ఈ ఊరే. అశోక్ కుమార్, దేవికారాణి నటించిన 'అఛూత్ కన్య' (1936) దర్శకుడూ ఆయనే. ఆ చిత్రానికి కెమెరా పట్టిన జోసెఫ్ విర్షింగ్ కూడా మ్యూనిక్‌లోనే పుట్టాడు. 1972లో విడుదలైన 'పాకీజా'లో మీనా కుమారిని అంత అందంగా చూపించిన కెమెరా ఆయనదే. సినిమా వెలుగు చూడకుండానే, 1967లో కన్నుమూశాడు. ఊరి అంచున గైజల్‌గాస్టైగ్‌లో 1919 నాటి బవేరియా స్టూడియో ఇప్పటికీ ఉంది. ఒక రోజు బీరుకిస్తే, ఇంకో రోజు దానికివ్వండి.

చివరగా ఒక మర్యాద. గ్లాసు తాకించేటప్పుడు 'ప్రోస్ట్' అంటూ ఎదుటివాడి కళ్ళలోకి చూడాలి. గ్లాసులోకి కాదు! పరాయి దేశంలో, పరాయివాళ్ళ పక్కన, ఒకే బెంచీ మీద... కూర్చున్నాక ఎవరు పరాయి? మరి పాస్‌పోర్టు తీశారా?