సినిమా చెట్టు కింద ఓ కునుకు

ఒళ్లంతా దుమ్ము. నడుం విరిగిపోతోంది. మొహం మాడిన అట్టులా వుంది. అయినా పెదాల మీద నవ్వు చెరగటం లేదు. అలాంటి అలసట మీకెప్పుడైనా కలిగిందా? నాకు కలిగింది. 2024 మే నెలలో, గోదావరి గట్టు మీద!

మావాడికి పూణేలో ఉద్యోగం వచ్చింది. "వెళ్లేలోగా ఒక్కసారి గట్టంట తిరిగొద్దాంరా" అన్నాడు. నిజమే మరి. 'మూగమనసులు'లో పడవ చూశాం, 'అందాల రాముడు'లో లాంచీ చూశాం. పుట్టి పెరిగింది రాజమండ్రిలోనే అయినా అసలు గోదావర్ని తీరిగ్గా చూసిందెప్పుడు?

వాళ్ల నాన్నగారి పాత స్కూటరు మీద తెల్లారకుండానే బయల్దేరాం. 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన మీద మేం, మా కింద ధడధడమంటూ రైలు! కొవ్వూరు దాటి కుమారదేవం చేరేసరికి, ఏటి ఒడ్డున గొడుగు విప్పినట్టు నిలబడి వుంది... సినిమా చెట్టు! సుమారు నూటయాభై ఏళ్ల నిద్రగన్నేరు. 'పాడిపంటలు' (1976) మొదలుకొని మూడొందల సినిమాలదాకా దాని నీడన తీశారని చెబుతారు. దర్శకుడు వంశీకైతే ఆ చెట్టంటే ప్రాణం.

మావాడు ఫొటో అన్నాడు. "ఎండెక్కిపోతుంది, వచ్చేటప్పుడు తీసుకుందాంలే" అన్నాను నేను.

పట్టిసీమలో పడవ దిగి, ఇసుకలో నడిచి, కొండెక్కి వీరభద్రస్వామి దర్శనం చేసుకున్నాం. దిగేటప్పుడు మెట్లు కాలి మేం వేసిన గెంతులు చూస్తే ఏ డాన్సు మాస్టరైనా ఛాన్సిచ్చేవాడే!

తిరుగుదారిలో స్కూటరు పంచరు. మిట్టమధ్యాహ్నం రెండు మైళ్లు తోసుకొచ్చాం. "స్టెప్నీ చూసుకోవద్దా?" అని నేను, "స్కూటరు నీదా, నాదా?" అని వాడు. ఆ తర్వాత మాటల్లేవు. వారం రోజుల్లో వెళ్లిపోయేవాడితో పోట్లాట!

తాళ్లపూడి దగ్గర తాటిముంజలు అమ్మే మామ్మ మా వాలకం చూసి నవ్వింది. "తినండి నాయనా, కడుపు చల్లబడితే కోపమూ చల్లబడుద్ది" అంది. మావాడు ఏం మాట్లాడకుండా లేత ముంజలన్నీ ఏరి నా ఆకులో వేశాడు. ముదురువి వాడు తిన్నాడు. అంతే, రాజీ కుదిరిపోయింది.

మళ్లీ చెట్టు దగ్గరకొచ్చేసరికి నాలుగు దాటింది. ఐదు నిమిషాలు నడుం వాలుద్దామనుకున్నాం. ఏటి గాలి ఒక్కసారి వీచింది. అంతే గుర్తు!

లేచేసరికి చీకటి పడుతోంది. గేదెలు తోలుకెళ్తున్న తాత పైకి చూపించాడు. "చూశారా బాబూ, పొద్దుగూకితే దీని ఆకులు ముడుచుకుంటాయి. మీతోపాటే నిద్రోయింది!"

ఫొటోకి వెలుగు లేదు. ఫోన్లలో ఛార్జింగూ లేదు. "సంక్రాంతికి వస్తాగా, అప్పుడు తీసుకుందాం" అన్నాడు వాడు. రాజమండ్రి చేరి చెరో గ్లాసు రోజ్‌మిల్క్ తాగాం. ఆ రాత్రి మంచమెక్కాక కూడా స్కూటరు నడుపుతున్నట్టే వుంది. కాళ్లు లాగుతున్నాయి, మనసు తేలుతోంది.

ఆ ఆగస్టులో, గోదావరి వరదల రోజుల్లో, చెట్టు కూలిపోయింది. వార్త చూసి వాడు పూణే నుంచి ఫోన్ చేశాడు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. "ఒక్క ఫొటో అయినా లేదురా... నా మూలానే" అన్నాను.

"పోనీలేరా. ఆ చెట్టు కింద మూడొందల మంది హీరోలు పాటలు పాడారు, యుగళగీతాలకి గెంతారు. గుర్రుపెట్టి నిద్రపోయింది మాత్రం మనిద్దరమే!" అన్నాడు.

ఇప్పటికీ టీవీలో పాత సినిమా వస్తుంటే ఆ చెట్టు కనిపిస్తుంది. దాని కింద హీరో ఎవరో నేను చూడను. మేం పడుకున్న చోటు వెతుక్కుంటాను.