మళ్ళీ మొదటి నుంచి

"మళ్ళీ మొదటి నుంచి" అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గిటార్ నేర్చుకునే రోజుల్లో హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడమీది క్లాసుకి వెళ్ళేవాణ్ణి. ఎక్కడ వేలు తడబడినా మాస్టారి నోట అదొక్కటే మాట. ఎందుకు తడబడిందో ఆయన చెప్పలేదు, అడిగే ధైర్యం నాకు లేదు. మొదటి నాలుగు బార్లు (తాళపు ఆవర్తాల్లాంటివి) నున్నగా తేలేవి, తప్పు మాత్రం ఉన్నచోటే ఉండేది. రోజుకు ఇరవైసార్లు చేయడంతో ఆ తప్పు కూడా కంఠతా వచ్చేసింది. వేళ్ళకు ఒప్పూ తప్పూ తెలియదు. ఏది ఎక్కువసార్లు చేయిస్తే అదే నేర్చుకుంటాయి. ఇంత చిన్న సంగతి తెలియక పదేళ్ళు పోయాయి. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

క్లాసికల్ గిటార్‌కి పక్కన మృదంగం లేదు, వెనక తంబూరా లేదు. బొటనవేలు మంద్ర తంతుల మీద నడక నడిపిస్తుంటే మిగతా వేళ్ళు పైన పాట పాడాలి. లయ తప్పితే సర్దేవాళ్ళు ఉండరు.

స్పెయిన్ స్వరకర్త టారెగా (1852–1909) రాసిన 'లాగ్రిమా' చూడండి. ఆ స్పానిష్ మాటకు కన్నీటి చుక్క అని అర్థం. మొదటి సగం ఇ మేజర్, రెండో సగం ఇ మైనర్, మళ్ళీ మొదటి సగం. అంతే. మొన్న అర్ధరాత్రి, ఎల్.బి.నగర్ చౌరస్తాలో హారన్లు సద్దుమణిగాక, దాన్ని ఫోన్‌లో రికార్డు చేశాను. వాయిస్తున్నప్పుడు బాగానే ఉందనిపించింది. పొద్దున్న ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి విన్నాను. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగర్ చేరేలోపు నాలుగు తప్పులు దొరికాయి. మైనర్ భాగంలో ఎడమచెయ్యి పై మెట్లకు జరిగే ముందు తొందర. లోహపు తీగ చుట్టిన తంతి మీద వేలు రాసుకుని కీచుమన్న చప్పుడు. నిండా మోగకముందే తెగిన మంద్రస్వరం. పాటని మింగేసిన పక్కస్వరాలు. వాయించేటప్పుడు ఇవేవీ నా చెవిన పడలేదు. అప్పుడు మనసు రాబోయే బారు దగ్గర ఉంటుంది.

మెట్రో దిగితే ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. గ్రూప్స్‌కి చదివే పిల్లలు మాక్ టెస్ట్ రాసి ఊరుకోరు. కీ ముందు పెట్టుకుని, తప్పిన ప్రశ్నలను వేరే నోట్‌బుక్‌లో ఎక్కించుకుని, వాటినే తిరగేస్తారు. సంగీతం నేర్చుకునేవాళ్ళకూ ఈ పద్ధతే కావాలి. ఇప్పుడు నాకూ ఒక నోట్‌బుక్ ఉంది. అందులో బారు నంబరు, తప్పు, దాని కారణం రాసుకుంటాను. తప్పు పడ్డ బార్లనే తీసుకుని, లయ చూపే మెట్రోనోమ్‌ని నిమిషానికి 40 దెబ్బలకు దించి వాయిస్తాను. ఆపుతాను. వింటాను.

   

ఇలా ఆపినప్పుడల్లా నాకు మా మామ్మ గుర్తొస్తుంది. ఆమెది బొబ్బిలి వీణ, ఒకే పనసమొద్దులో తొలిచింది. కొత్తపేటలో మా ఇంటికి వచ్చేటప్పుడు రైల్లో దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదట. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక చాప పరుచుకుని కూర్చునేది. కీర్తన మొత్తం వాయించగా నేను విన్నది తక్కువ. ఒక్క సంగతి, అందులో ఒక్క గమకం పట్టుకునేది. తీగ లాగేది, ఆపేసేది, కళ్ళు మూసుకునేది. పెదవులు కదిలేవి. మళ్ళీ తీగ లాగితే ఈసారి స్వరం కొంచెం వేరుగా, కొంచెం నిండుగా పలికేది. బయట పళ్ళ మార్కెట్ లారీలు ఎంత మోత పెట్టినా ఆమెకు పట్టేది కాదు.

ఒకరోజు, "మాటిమాటికీ ఎందుకు ఆపేస్తావు మామ్మా?" అని అడిగాను.

"విననీరా నాన్నా," అంది.

మీ ఇంట్లో గిటారో వీణో పట్టిన పిల్లలుంటే, వాళ్ళు మధ్యలో ఆగినప్పుడు "మళ్ళీ మొదటి నుంచి" అనకండి. కాసేపు విననివ్వండి.