చెక్క మిద్దెల మరమ్మతు: ఒక గృహ వ్యయ పరిశీలన

చిన్న చిన్న చెక్క ముక్కలను ఒక వరసలో పేర్చి ఇంటి నేలగా అమర్చే పద్ధతిని పార్కే అంటారు. అది ఐరోపా చలిదేశాల ఆచారం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో కాళ్ల కింద ఉండేది బండ పరుపు కాబట్టి ఆ పేరు ఇక్కడ వినిపించదు. అయినా ఇక్కడి పాత ఇళ్లలో చెక్కకు కొదవ లేదు: అది మిద్దె రూపంలో తలపైన ఉంటుంది, రెండంతస్తుల ఇళ్లలోనైతే కింది గదికి కప్పు, పై గదికి నేల రెండూ అదే. గోడ నుంచి గోడకు వేసిన లావుపాటి మాను దూలం, దూలాల మీద అడ్డంగా పరిచిన సన్నని కొయ్యలు దంతెలు, దంతెల మీద పలకలు, ఆపైన మట్టి, అన్నిటి మీద చౌడు. చౌడు అంటే సోడియం లవణాలు ఎక్కువగా ఉన్న క్షారపు నేల. తడిసినప్పుడు దాని సన్నని రేణువులు విడిపోయి సందులను పూడ్చేస్తాయి గనుక, పంటకు పనికిరాని ఆ మట్టే కప్పు మీద నీటిని కిందికి దిగనీయకుండా ఆపుతుంది. మృగశిర కార్తెకు ముందే మిద్దె మీద కొత్త చౌడు పరిచే అలవాటుకు కారణం ఇదే.

మిద్దెకు అసలు శత్రువు కాలం కాదు, నీరు. కొయ్యలో తేమ సుమారు 20 శాతం దాటితేనే దాన్ని కుళ్లబెట్టే బూజు పెరుగుతుంది. పొడిగా ఉంచిన టేకు చేవ తరాల తరబడి నిలుస్తుంది. ఫ్రాన్సులోని వర్సాయ్ రాజభవనంలో 1684లో పాలరాతి పరుపు తీయించి చెక్క నేల వేయించడానికి కారణం కూడా ఇలాంటిదే: పాలరాయిని తరచూ కడగడం వల్ల నీళ్లు దిగి అడుగున ఉన్న దూలాలు పుచ్చిపోసాగాయి. గద్వాల, వనపర్తి ఇళ్లలో అదే నష్టం వేరే దారిన వస్తోంది. ఏటేటా చౌడు మోయించే బాధ తప్పుతుందని చాలామంది మట్టి మిద్దె మీద రెండంగుళాల సిమెంటు కాంక్రీటు పోయిస్తారు. రెండు వందల చదరపు అడుగుల గది మీద ఆ పొర బరువు రెండు టన్నులు దాటుతుంది. పైగా ఏదో ఒకనాడు పగులులోంచి దిగిన నీరు మళ్లీ పైకి ఆరిపోయే దారి లేక దూలపు కొసల దగ్గర, అంటే గోడలో దాగి కంటికి కనబడని చోట, నిలిచిపోతుంది. ఒక్కసారి పెట్టి మరిచిపోదామనుకున్న ఖర్చే దూలాలు మార్పించే ఖర్చుకు నాంది అవుతుంది.

ఇంటి బడ్జెటు వేసేటప్పుడు ఈ వ్యయాన్ని రెండుగా విడదీయాలి. చౌడు, తూములు శుభ్రం చేయించడం, చెదల మందు, అవిసె నూనె వంటివి ఏటా వచ్చేవి. వాటిని కరెంటు బిల్లులాగే నెల ఆదాయంలోంచి భరించాలి. పుచ్చిన దంతె మార్పించడం, దూలపు కొసకు కొత్త కొయ్య అతికించడం పదేళ్లకో పదిహేనేళ్లకో వచ్చేవి. వీటికి ముందుగానే నిధి కావాలి. వ్యాసకర్త కుటుంబం తన పాత మిద్దె విషయంలో తీసుకున్న మొదటి నిర్ణయం ఈ విభజనే. రెండోది, ఆ ఖర్చును పెట్టుబడి అని పిలవకపోవడం. స్థలం ధర పెరుగుతుందే తప్ప మిద్దె ధర పెరగదు. బాగుచేయించిన మిద్దెకు కొనుగోలుదారు అదనంగా పైసా ఇవ్వడు. అది ఇష్టపడి పెట్టే ఖర్చు, అలాగే రాసుకోవడం మంచిది.

మెరుగు పనుల్లో కూడా ఈ లెక్క వర్తిస్తుంది. చిత్రిక పట్టినా, ఎమరీ కాగితంతో రుద్దినా పలక మందం కొంత తగ్గుతుంది, తగ్గిన చెక్క మళ్లీ రాదు; కాబట్టి నల్లబడిన పలకను ప్రతి పండగకూ కొత్తదానిలా మెరిపించాలనుకోవడం అసలును తినడమే. అవిసె నూనె గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని పొరగా గట్టిపడుతుంది, చెక్కను అరగదీయదు, ధర కూడా తక్కువ. పాతకాలపు నాణ్యమైన టేకుకు వార్నీషు కన్నా నూనే మేలన్నది వ్యాసకర్త అభిప్రాయం: వార్నీషు లేచిపోయినప్పుడు మొత్తం గీకక తప్పదు, నూనె పలచబడినప్పుడు ఇంకో చేయి పూస్తే సరిపోతుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది: ఈ నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా పడేస్తే అవి తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి, వాటిని విడివిడిగా ఆరుబయట ఆరవేయాలి.

వడ్రంగికి ఇచ్చే డబ్బు విషయంలో గుత్త, దినకూలి అనే రెండు పద్ధతులు ఉన్నాయి. గుత్త అంటే మొత్తం పనికి ముందే ఒక ధర మాట్లాడుకోవడం. కొత్త ఇంటి తలుపులకు అది బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే పని ఎంతో ఇరువురికీ తెలుసు. పాత మిద్దెలో పలకలు ఊడదీసేదాకా ఏ దంతె బాగుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి, గుత్తకు ఒప్పుకున్నవాడు భయం కొద్దీ ధర పెంచి చెబుతాడు, లేదా బాగున్న కొయ్యను కూడా తీసి కొత్తది వేసి పని త్వరగా ముగిస్తాడు. దినకూలి పద్ధతిలో పని నిదానంగా సాగుతుంది, ఇంటివాళ్లు ఎవరో ఒకరు దగ్గరుండాలి, అయినా పాత కొయ్య ఎక్కువ భాగం మిగులుతుంది. వ్యాసకర్త కుటుంబం కూలి పద్ధతినే ఎంచుకుంది. పలకలు తీయడానికి ఎన్ని రోజులు పట్టిందో చూసి, ఆ తర్వాతే మిగతా ఖర్చు అంచనా వేసింది.

నిధి సంగతి మరింత సూటిగా తేలుతుంది. తపాలా శాఖ ఐదేళ్ల రికరింగ్ డిపాజిట్‌కు, అంటే నెలనెలా ఒకే మొత్తం కట్టే పొదుపు ఖాతాకు, 2023 అక్టోబరులో 6.7 శాతం వడ్డీ ఖరారైంది. ఆ రేటున నెలకు వెయ్యి రూపాయలు కడితే ఐదేళ్లకు సుమారు 71 వేలు చేతికి వస్తాయి. ముందుచూపు లేక అదే 70 వేలను నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే, ఊళ్లో మాట్లాడే ఆ రెండు రూపాయలు నెలకు గనుక, ఏడాదికి 24 శాతం అవుతుంది. నెలకు 1,400 చొప్పున ఐదేళ్లలో 84 వేలు వడ్డీకే పోయి, అసలు అలాగే నిలుస్తుంది. దూలం కుంగాక బేరమాడే వ్యవధి ఉండదు, అప్పిచ్చేవాడికి ఆ సంగతి తెలుసు.

మరమ్మతు ఖర్చు విషయంలో ఈ ప్రాంతపు పాత సంస్థానాల కట్టడాలకు దొరికిన దారి సామాన్యుల ఇళ్లకు లేదు. వనపర్తి రాజభవనం పాలిటెక్నిక్ కళాశాల అయింది, గద్వాల కోటలో డిగ్రీ కళాశాల నడుస్తోంది. వాడకం ఉన్నచోట మరమ్మతుకు ఏదో ఒక పద్దు పుడుతుంది. ఇంటి మిద్దెకు మాత్రం ఇంటివాళ్ల జేబే పద్దు.

పన్ను చట్టం నుంచి పెద్దగా ఊరట ఆశించకూడదు. 1961 ఆదాయపు పన్ను చట్టం 24(బి) సెక్షన్ ప్రకారం, సొంతంగా నివసించే ఇంటి మరమ్మతుకు తెచ్చిన అప్పు మీద వడ్డీలో ఏడాదికి 30 వేల వరకే, అదీ పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే, మినహాయింపు దొరికేది. ఇల్లు అమ్మినప్పుడు మాత్రం బిల్లులకు విలువ ఉంటుంది. 2001 ఏప్రిల్ 1కి ముందు నుంచీ కుటుంబంలో ఉన్న ఇంటికి ఆ తేదీ నాటి మార్కెట్ విలువను కొన్న ధరగా చూపవచ్చు, ఆ తర్వాత చేసిన శాశ్వతమైన మెరుగుదల ఖర్చును దానికి కలపవచ్చు. చౌడు, నూనె, చెదల మందు ఆ కోవలోకి రావు.

చివరికి ఇల్లు నిలపడం కుదరక కూల్చాలనే నిర్ణయానికి వచ్చిన కుటుంబాలే ఎక్కువగా నష్టపోతున్నాయి, ఆ నష్టం కూల్చివేత బేరంలో ఉంది. కూల్చే కాంట్రాక్టరు కూలి తీసుకోకుండా, కొయ్య తనకు వదిలేస్తే చాలంటాడు. వినడానికి అది ఉచిత సేవలా ఉంటుంది. కానీ పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిదంగుళాల ఎత్తు, ఆరంగుళాల వెడల్పు ఉన్న ఒక్క దూలంలో నాలుగు ఘనపుటడుగుల కొయ్య ఉంటుంది, టేకును అమ్మేది ఘనపుటడుగుల లెక్కనే. కనుక మిద్దెను నిలిపేవారైనా, తీసేసేవారైనా, ముందుగా తెలిసిన వడ్రంగిని పిలిపించి ప్రతి దూలం, ప్రతి దంతె కొలతలు, జాతి, పుచ్చిన భాగం రాయించుకోవాలి. ఆ కాగితం చేతికి రాకముందు కాంట్రాక్టరు నుంచి బయానా తీసుకోకూడదు.